తడి గోనె చుట్టిన గాజు జాడీ

మా ఇంటి పక్క స్థలంలో కడుతున్న ఇంటి స్తంభాలకు చుట్టిన గోనెపట్టాలను ఇవాళ ఉదయం ఊడదీశారు. వాటిని మా ప్రహరీ గోడ మీదికి విసిరేసి, స్తంభాలకు పంపుతో తెల్లటి మందు కొట్టిస్తున్న మేస్త్రీని ఇక్కడా ఇదేనా అని అడిగితే, "ఇంక నీళ్ళు పట్టక్కర్లేదండి, ఇది కొట్టేసి మన పని మనం చూసుకోవడమే, మనిషిని పెట్టే బాధ లేదు," అన్నాడు. లోపలి తడి బయటికి పోకుండా పొర కట్టే ఆ మందు నాకు కొత్తది కాదు, ఉద్యోగంలో ఉండగా నేనూ వాడించాను. కానీ గోడ మీద వేళ్ళాడుతున్న ఆ పట్టాల నుంచి సిమెంటు, జనపనార, నానిన దుమ్ము కలిసిన వాసన వచ్చి నన్ను చాలాసేపు అక్కడే నిలబెట్టేసింది. మా ఆవిడను పోగొట్టుకుని, గల్ఫు వదిలి వచ్చాక ఆ వాసన నాకు తగలడం ఇదే మొదటిసారి.

గల్ఫులో పనిచేసి వచ్చిన మన తరం వాళ్ళకు నేను చెప్పేది తెలిసే ఉంటుంది. అక్కడ పోసిన కాంక్రీటుకు ఎండతో పాటు గాలి కూడా పగే. పోసిన కాసేపటికే పైనున్న తడిని లాగేసుకుని సన్నటి పగుళ్ళు తెస్తుంది. అందుకని గోనె కప్పి, ఆ గోనె ఆరకుండా రోజుల తరబడి తడుపుతూ ఉండాలి. ఖతార్‌లో ప్రపంచ కప్పు కోసం స్టేడియాలు లేస్తున్న ఆ కాలంలో, అల్ రయ్యాన్ వైపు ఒక స్టేడియం పనిలో నేను క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌ని. పేరు పెద్దదే గాని, నా డ్యూటీలో సగం గోనెపట్టాల మీద అరచెయ్యి ఆనించి తడి ఉందో లేదో చూడటమే. చుట్టూ కాలువలున్న పాలకొల్లు ప్రాంతంలో పుట్టినవాణ్ణి, తడి కోసం అంత వెంపర్లాడే పని చేస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

మా ఆవిడ దోహాలో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆపరేషన్ సామాన్లను కడిగి, ఆవిరిలో ఉడికించి, మూటకట్టి పంపే విభాగంలో పనిచేసేది. మాకు పిల్లలు లేరు. అల్ రయ్యాన్‌లో ఒక పాత విల్లాను గదులుగా విడగొట్టి అద్దెకిస్తే అందులో ఒక వాటాలో ఉండేవాళ్ళం. మా వంటగది పెరట్లో రేకుల షెడ్డు. గేటు పక్క చిన్న గదిలో ఆ విల్లా యజమాని కారు నడిపే డ్రైవరు ఉండేవాడు, జగిత్యాల వైపు మనిషి. మా ఆవిడను అక్కా అనేవాడు, కాబట్టి నేను బావనయ్యాను. పదేళ్ళు పక్కపక్కన ఉన్నాక అది వట్టి పిలుపుగా మిగలలేదు.

ప్రపంచ కప్పుకి ఇంకా నాలుగేళ్ళు ఉందనగా ఆమెకు జబ్బు బయటపడింది. దాని పేరు ఇక్కడ రాయను. మొదటి విడత మందులు పూర్తయ్యేసరికి జబ్బు కొంత తగ్గిందన్నారు గాని, ఆమె నోటి రుచి పూర్తిగా పోయింది. చేపల పులుసు ఘుమఘుమకే లేచి కూర్చునే మనిషి, ఏది నోట్లో పెట్టుకున్నా ఇనప మేకు చప్పరిస్తున్నట్టు ఉందని పళ్ళెం పక్కకు జరిపేసేది. నేను బతిమాలడం, ఆమె నా కోసం రెండు ముద్దలు మింగడం, తర్వాత అవీ నిలవకపోవడం. మనిషి కోలుకుని కాస్త బరువు పెరిగితేనే రెండో విడత మొదలుపెడతానని డాక్టరమ్మ చెప్పింది. అంటే ఆమె తినకపోతే వైద్యం లేదు. ఇంట్లో మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోవడం మానేశాం గాని, దాన్ని తప్ప మరేమీ ఆలోచించేవాళ్ళం కాదు.

ఒక శుక్రవారం సరుకులకు వెళ్ళినప్పుడు సోడాల పక్కన అమ్మే మత్తులేని బార్లీ బీరు డబ్బా ఒకటి ఆమే తీసుకుంది. కారులో కూర్చుని రెండు గుక్కలు తాగి, "ఇది ఇదిలాగే ఉందండీ," అంది. ఇనుములా లేదని ఆ మాటకు అర్థం. తర్వాత ఆ డబ్బా నాకిచ్చేసి, తీపి ఎక్కువైందని, ఇంకొంచెం చేదుంటే తాగేదాన్నని అంది. ఎన్నో వారాల తర్వాత ఆమె నోట ఒక కోరిక విన్నాను. ఆ రోజు నుంచి నాకు ఈ పిచ్చి పట్టుకుంది.

మా ల్యాబులో ఉండే స్కాట్లండు పెద్దాయన, ఇంట్లో బీరు చేసుకోవడం వాళ్ళ ఊళ్ళో ముసలివాళ్ళ కాలక్షేపమని, బార్లీని మొలకెత్తించడంతోనే దాని రుచి సగం తేలిపోతుందని చెప్పాడు. అక్కడ మత్తు పానీయం తయారుచేస్తే ఉద్యోగమే కాదు, దేశమే వదలాలి. కాబట్టి నురగ పట్టగానే చల్లబరిచి ఆపేసే పద్ధతి పట్టుకున్నాను. మన వైపు తెల్లవారుజామున చెట్టు నుంచి దించిన తియ్యకల్లులో మత్తు ఎంతో ఇందులోనూ అంతే. మా ఆవిడ తనే డాక్టరమ్మను అడిగింది. రక్తపరీక్షలు చూసి, శుభ్రం విషయంలో అశ్రద్ధ చేయకపోతే రోజూ ఒక గ్లాసు పుచ్చుకోవచ్చందట.

మొదటి ప్రయత్నం నవ్వులపాలయింది. సూపర్ మార్కెట్ నుంచి తెల్లగా ముత్యాల్లా ఉన్న బార్లీ తెచ్చి నానబెట్టి తడిగుడ్డలో మూటకట్టాను. మొలక రాలేదు, కుళ్ళు వాసన వచ్చింది. దాన్ని పారబోస్తుంటే డ్రైవరు చూసి దగ్గరికొచ్చాడు.

"ఏం బావా, బట్టి పెట్టినవా ఏంది? సీఐడీలొస్తే నా పేరు జెప్పకు."

సంగతి చెప్పాను. గింజలు చేతిలోకి తీసుకుని చూశాడు.

"గిది పాలిష్ కొట్టిన గింజ, సచ్చిన గింజ. గిదెట్ల మొలుస్తది? అల్ షహానియాల మా కఫీల్, గదే మన విల్లా ఓనరు, ఆయన పందెం ఒంటెలకు పొట్టుతోటి బార్లీ పెడతరు. రేపు అటు డ్యూటీ ఉన్నది, ఓ సంచి తెస్త."

లోపల మంచం మీద నుంచి మా ఆవిడ విన్నది. "ఏరా తమ్ముడూ, ఒంటెల దాణా తెచ్చి అక్కకు పోస్తావా?"

"ఒంటె ఉరుకుడు సూసినవా అక్కా? గదే తిని ఉరుకుతది. నువ్వు గూడ ఉరుకుతవు, బావ నీ ఎనక ఉరుకుతడు."

ఒంటెల బార్లీ చక్కగా మొలకెత్తింది. సైటులో మిగిలిన కొత్త గోనెముక్క అడిగి తెచ్చుకుని, తడిపి, దాని మధ్య పరిచాను. మొలకలను డాబా మీద ఎండబెట్టి, పెనం మీద దోరగా వేయించి, మిక్సీలో బరకగా తిప్పి, నీళ్ళలో సన్నటి సెగ మీద ఉంచితే, మన రాగి మాల్టు కాచేటప్పుడు వచ్చే వాసనకు పెద్దక్కలాంటి వాసన షెడ్డంతా నిండేది. చేదు కోసం మెంతులు వేస్తే కూరలా తయారైంది, కాకరకాయ రసం వేస్తే నేనే తాగలేకపోయాను. అప్పుడూ డ్రైవరే, వాళ్ళ మేడమ్ అన్నంలో వేసే లూమీ అనే ఎండిన నల్ల నిమ్మకాయలు నాలుగు జేబులో వేసుకొచ్చాడు. వాటిని చితక్కొట్టి మరిగిస్తే పులుపు వెనక చేదు నిదానంగా వచ్చేది. అదంతా వడకట్టి గాజు జాడీలో పోసి, నురగ కోసం అల్లం ముక్కలు, చక్కెర వేసిన నీళ్ళను ఒక సీసాలో పులియబెట్టి తోడుగా కలిపేవాణ్ణి, నురగ పట్టగానే సీసాల్లోకి ఎత్తేవాణ్ణి. ఆ తోడుకు రోజూ ఇంత అల్లం, ఇంత చక్కెర వేస్తుంటేనే అది బతికి ఉంటుంది.

సీసాల శుభ్రం మాత్రం నాకు వదల్లేదు ఆవిడ. షెడ్డులో కుర్చీ వేయించుకుని కూర్చుని, నా చేత సీసాలు ఉడికించి, బోర్లించి, గుడ్డ తగలకుండా ఆరబెట్టించేది. "చేతులు కడుక్కున్నారా? మోచేతుల దాకా అన్నాను," అని గద్దించేది. ఆసుపత్రిలో తన కింద పనిచేసేవాళ్ళను ఇలాగే అదిలించేదేమో, నేనెప్పుడూ చూడలేదు. జబ్బు వచ్చాక తగ్గిపోయిన ఆ గొంతు మళ్ళీ వినడానికి నేను కావాలనే ఒక్కోసారి తప్పు చేసేవాణ్ణి.

సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే స్టీలు గ్లాసులో పోసి ఇచ్చేవాణ్ణి. ఆమె మొదటి గుక్క తాగి తీర్పు చెప్పేది: ఇవాళ పులుపు ముందొచ్చింది, నిన్నటిది నయం, మొలక మాడ్చారు. సైటులో గోనె మీద చెయ్యి ఆనించినప్పుడు కూడా నా ఆలోచన జాడీ మీదే ఉండేది. ఆ గ్లాసు తర్వాత ఇంత పెరుగన్నం, తర్వాత సగం ఇడ్లీ, అలా మెల్లగా తిండి మొదలైంది. వేసవి మొదట్లో రెండో విడత మందులు మొదలుపెట్టారు. ప్రపంచ కప్పు వచ్చేనాటికి, మీరు తడిపిన మెట్ల మీదే కూర్చుని ఒక్క మ్యాచ్ చూడాలండీ, ఆట తెలియకపోయినా ఫర్వాలేదు, అనేది. సరేనన్నాను.

పులిసే వాసన గదిలో ఆమెకు పడదని, అక్కడి ఫ్రిజ్‌లో కూడా పెట్టకుండా, జాడీని, సీసాలను ఏసీ లేని షెడ్డులోనే ఉంచాల్సి వచ్చేది. ఎండ ముదిరేసరికి, చల్లగా ఉంటాయని వాటి చుట్టూ తడి గోనె చుట్టాను. జూన్‌లో ఉత్తరపు గాలి, అక్కడివాళ్ళు షమాల్ అనేది, పొడిగా కొడుతూ ఉంటే గోనె గంటకే ఆరిపోయేది. మళ్ళీ తడపమని డ్రైవరుకు చెప్పి పోయేవాణ్ణి. ఆ నెలలో అయినంత బాగా బీరు మళ్ళీ ఎప్పుడూ కాలేదు. ఆగస్టులో సముద్రం వైపు నుంచి గాలి తిరిగి, గోడలు కూడా చెమ్మ పట్టాయి. పొద్దున తడిపిన గోనె సాయంత్రానికీ తడిగానే ఉండేది. సైటులో అలాంటి రోజులు మాకు పండగ. కాంక్రీటు తడి ఆరదు, నిశ్చింత. ఇంట్లోనూ అదే నిశ్చింతతో, గోనె తడిగా ఉంది కదా, ఇంక భయం లేదని ఊరుకున్నాను.

అక్కడ సెలవు శుక్రవారమే కాబట్టి చర్చి ఆరాధన కూడా ఆ రోజే; అలా ఒక శుక్రవారం చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాం. షెడ్డులో పెద్ద చప్పుడైంది, వెంటనే ఇంకొకటి. డ్రైవరు లుంగీ ఎగగట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"యల్లా బావా, బయటికి రా! సిలిండరా ఏంది?"

సీసాలు పగిలి రేకులకు నురగ అంటుకుని కారుతోంది. జాడీ మిగిలింది, తోడు మిగిలింది. గోనె తడిగానే ఉందే, ఎందుకిలా అయిందని నేను దాన్ని పట్టుకుని నిలబడ్డాను. మా ఆవిడ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని నన్నే చూస్తోంది.

"జ్వరం వచ్చినవాళ్ళకి తడిగుడ్డ ఎందుకేస్తామండీ? ఆ తడి ఆరితేనే వేడి దిగుతుంది. ఆరని తడి ఎందుకూ పనికిరాదు. ఇది మీ కాంక్రీటు కాదు."

"నీకు ముందే తెలిస్తే చెప్పొచ్చుగా?"

"ఇన్‌స్పెక్టరుగారికి నేను చెప్పేదాన్నా?" అని, నవ్వడం మొదలుపెట్టింది. నా మొహం చూసి నవ్వింది, రేకుల నుంచి నురగ డ్రైవరు నెత్తిన పడితే ఇంకా నవ్వింది, ఊపిరి అందక కుర్చీ చెయ్యి పట్టుకుని నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను చూసిన చివరిసారి అది.

చలికాలం వచ్చేసరికి రెండో విడత పనిచేయలేదని తేలింది. ఎవరి తప్పూ లేదు. ఇంటికి తీసుకెళ్ళమన్నారు. ప్రతి సాయంత్రం జ్వరం వచ్చేది. నేను పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేసేవాణ్ణి. డిసెంబరు గాలి పొడిగా ఉండేది. కాసేపటికి కళ్ళు తెరవకుండానే "ఆరిందా?" అని అడిగేది. ఆరింది అని చెప్పి మళ్ళీ తడిపేవాణ్ణి. గ్లాసు అడగడం మానేసింది గాని, తోడుకు అల్లం వేశారా అని మాత్రం అడిగేది. క్రిస్మస్ దాటిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం గుడ్డ ఆరింది గాని, ఆ మాట అడగలేదు.

ఆమెను ఊరికి తీసుకొచ్చి సమాధి చేసి, మిగిలిన పని కోసం మళ్ళీ వెళ్ళాను. ఊళ్ళో ఉన్న నెలంతా తోడుకు అల్లం వేసింది డ్రైవరే. స్టేడియం పూర్తయింది, రంగులు వేశారు, రోడ్ల పొడవునా అన్ని దేశాల జెండాలు కట్టారు. కంపెనీ మమ్మల్ని ఒక్కొక్కరినీ పంపించేసింది. వచ్చేసే ముందు వంటగది ఖాళీ చేస్తూ తోడు సీసాను పారబోయబోతే డ్రైవరు చెయ్యి పట్టుకున్నాడు.

"అక్క అడుగుకుంట సాదిన దాన్ని పారబోస్తవా బావా? ఇటియ్యి, నేను సాదుకుంట."

చాలా నెలలు అతను ఫోన్ చేసినప్పుడల్లా పొద్దున అల్లం వేసిన సంగతి ముందు చెప్పి, తర్వాతే బాగున్నావా అని అడిగేవాడు. ప్రపంచ కప్పు జరుగుతున్న రోజుల్లో మా స్టేడియాన్ని టీవీలో చూపిస్తుంటే నేను ఆటను చూడలేదు, మెట్ల వైపు చూస్తూ కూర్చున్నాను. మరుసటి ఏడు అతను సెలవు మీద ఊరికొచ్చాడు. తోడు సీసాను గదిలో ఉన్న వేరే మనిషికి అప్పగించి వచ్చాడట, ఆ మనిషి అల్లం వేయడం మరిచిపోయాడట. తిరిగి వెళ్ళాక ఫోన్ చేసి, "మన్నించు బావా, అది పోయింది," అన్నాడు. అక్క పోయిన రోజు అతను ధైర్యంగా ఉన్నాడు, పనులన్నీ చూశాడు. తోడు పోయిన సంగతి చెప్పిన రోజు మాత్రం ఫోనులో ఏడ్చాడు.

ఇప్పుడు మా పాలకొల్లులో కూడా మందు కొట్టేసి పోతున్నారు. అది మంచిదే, కాంక్రీటు బాగానే గట్టిపడుతుంది. ఊరికే పక్కన కూర్చుని ఒక దాన్ని తడుపుతూ ఉండే పని మాత్రం లోకంలో ఒకటి తగ్గింది. మేస్త్రీ వెళ్ళిపోయాక గోడ మీది గోనెల్లో ఒకటి తీసి, పంపు కింద తడిపి, పెరట్లో తీగ మీద వేశాను. గాలి బాగానే ఉంది. భోజనం చేసి వచ్చి చెయ్యి ఆనించి చూశాను. ఆరింది. ఆరిందా అని అడిగే మనిషి లేదు కాబట్టి ఆ మాట ఇక్కడ రాసుకుంటున్నాను.