గడప మీద సీసాలు

ఇప్పటిదాకా ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. మొదటి విడత నీళ్ల సీసాలను నేను దగ్గరుండి నింపించలేదు. ఖాళీ సీసాలు, ‘బోరు నీళ్లు నింపి ఉంచగలరు’ అన్న చీటీలు గడపల మీద పెట్టి వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే వెళ్లి, ఎవరి కంటా పడకుండా తెచ్చుకున్నాను. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు చచ్చేంత బిడియం.

తార్నాక అవతలి ఆ బస్తీలో ఆడవాళ్లకు రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా వస్తోందని, కారణం చుట్టుపక్కల ఏమైనా ఉందేమో చూడాలని యూనివర్సిటీలో నా పరిశోధనకు గైడ్ అయిన మేడమ్ ఒక అధ్యయనం మొదలుపెట్టారు. అందులో నీళ్ల బాధ్యత నాది. క్యాంపస్ ల్యాబులో పరీక్షిస్తే అన్ని ఇళ్ల నీళ్లూ ఒక్కలాగే, మహా శుభ్రంగా ఉన్నాయి.

“బోరు నీళ్లు ఇలా ఉండవే!” అన్నారు మేడమ్.

ఇదే నిజమనుకుంటే, నీళ్లకేం ఢోకా లేదని ఆ ఆడవాళ్లకు అబద్ధం చెప్పినట్టే. “మళ్లీ తెస్తాను మేడమ్” అని మాత్రం అన్నాను.

ఆ సాయంత్రం మొదటి తలుపు కొట్టే ముందు వీధి చివరిదాకా రెండుసార్లు నడిచాను. తలుపు తీసినామె ఆ జబ్బుకే ఆపరేషన్ చేయించుకుని కోలుకున్న మనిషని మేడమ్ ఇచ్చిన జాబితాలో ఉంది. నా చేతిలోని సీసాల సంచీ చూసింది.

“నువ్వేనా సీసాల పిల్లవు? దొంగోలె పెట్టి పోతివి.”

“అమ్మా, వాటిల్లో ఏ నీళ్లు పోశారు?”

“మేం తాగెతందుకు కొనే క్యాన్ నీళ్లు. యూనివర్సిటీకి గా బోరు నీళ్లిస్తే మా ఇజ్జత్ ఏం గావాలె?”

పక్కింటామె గోడ మీంచి తొంగిచూసింది. “మేం గూడ గవే పోసినం. గీ అక్కనే చెప్పింది అందరికి.”

నాకు నవ్వాగలేదు. వాళ్లూ నవ్వారు. ఆ నవ్వులోనే నాకు మాటలు దొరికాయి. వంటకీ స్నానానికీ వాడే నీళ్లే మాకు కావాలని చెప్పాను.

“అయితే నాకెందుకొచ్చిందో తెలుస్తదా?” అంది తలుపు తీసినామె.

“అది చెప్పలేనమ్మా. నీళ్లలో ఏముందో మాత్రం చెప్పగలను.”

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. “నాకు ఇద్దరు ఆడపిల్లలున్నరు. గదన్న తెల్వాలె. పా.”

నా చెయ్యి పట్టుకుని ఇల్లిల్లూ తిప్పింది. ప్రతి ఇంట్లో కాసేపు బోరు నల్లా వదిలి సీసా నింపడం, అది అయ్యేలోపు ఛాయ్. ఐదో ఇంటికి వచ్చేసరికి నేనే ముందు వెళ్లి తలుపు కొడుతున్నాను. సీసాల సంచీ భుజం లాగేస్తున్నా, నడుస్తుంటే నాలో నేనే నవ్వుకుంటున్నాను.

వీధి మలుపులో ఆమె ఆగింది.

“రిజల్టు కాగితం గూడ గడప మీద పెట్టి పోకు బిడ్డా. లోపలికొచ్చి చెప్పు.”