చిరునామా లేని ముడుపు

పత్తికొండ చుట్టుపక్కల పల్లెల్లో మహాదేవిని ఎరగనివాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళుగా పోస్టు సంచీ సైకిలుకు తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగే మనిషి. మా పక్కింటావిడ కాబట్టి చెబుతున్నాను, మనసు వెన్నే గానీ కోపం మాత్రం ముక్కు మీదే ఉంటుంది.

మొన్న కార్తీకంలో ఆమె సెలవు పెట్టింది. సైకిలు వెనక దుప్పటి, గాలిపంపు, నాలుగు జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి కట్టుకుని ఒంటరిగా బయలుదేరింది. డోన్, బనగానపల్లె, జమ్మలమడుగు మీదుగా కడప చేరాలి. అక్కడ గువ్వలచెరువు కనుమ ఎక్కి అవతల రాయచోటికి పోవాలి. ఆపైన సైకిలు బస్సు టాపు మీద వేసి ఇంటికి రావాలి. ఎందుకయ్యా అంటే, ఎందుకూ లేదు. మా వైపు గుట్టలు లేవని కాదు, మా దారులు వాటిని తప్పించుకుని పోతాయి. కొండ మీదుగా పోయే దారి ఎలా ఉంటుందో ఒక్కసారి తొక్కి చూడాలని ఆమెకు పుట్టింది, అంతే.

ఇంతకుముందు ఆమె ఊరు దాటిందంటే ఎవరో ఒకరి కోసమే. మొగుడు పరమేష్‌కు కామెర్లు తగ్గాలని శ్రీశైలం నడిచింది. కూతురు సాహితికి కాలేజీ సీటు రావాలని మంత్రాలయం పోయింది. ఆడబిడ్డ కాన్పు కోసం ఇంకో దేవుడు. దేవుణ్ణి ఏమీ అడగని ప్రయాణం ఒక్కటంటే ఒక్కటి, అచ్చంగా తన కోసం, చేసి తీరాలని పట్టుబట్టింది.

అంత సుఖం మనవాళ్ళు పడనిస్తారా? ఆగిన ప్రతిచోటా ఒకటే ఆరా. “ఏం మొక్కుకున్యావు తల్లీ?” ఊరికే పోతున్నానంటే ఒక్కరూ నమ్మలేదు. జమ్మలమడుగులో ఒకామె దగ్గరికొచ్చి, “మొగునితో కొట్లాడి వచ్చినావా?” అని గుసగుసగా అడిగింది. కడప దాటాక కనుమ మొదట్లో కృష్ణవేణమ్మ అనే పెద్దావిడది దోసెల కొట్టు. ఆవిడ కూడా దోసె పెడుతూ మొక్కు సంగతే ఎత్తేసరికి మహాదేవికి ఒళ్ళు మండింది.

“రాయచోటి వీరభద్రస్వామికి మొక్కుకున్యా. సాలా?” అంది.

సాలలేదు. కృష్ణవేణమ్మ గబగబా చేతులు కడుక్కుని, పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ ముడివేసి తెచ్చి, హ్యాండిలుకు కట్టేసింది. “ఇది గూడా స్వామికి ఇచ్చెయ్ తల్లీ” అంది. మొక్కు తీర్చబోయే మనిషి ఇంకొకరి ముడుపును కాదనకూడదు. అబద్ధమాడినందుకు సిగ్గేసి, మహాదేవి ఇంకేమీ అడగకుండా సైకిలెక్కింది.

కనుమ ఆమెను బాగానే సతాయించింది. మలుపు తిరిగితే మలుపు, వెనక నుంచి లారీల హారన్లు. తొక్కలేని చోట దిగి నెట్టింది. వానలు కురిసి వెలిసిన కొండ పచ్చగా ఉంది, దారి పక్కన సీతాఫలాలు గంపల్లో పెట్టి అమ్ముతున్నారు. పైకి చేరి వెనక్కి చూస్తే తాను వచ్చిన దారి తాడు ముక్కలా కనిపించింది. సంతోషంతో కేక వెయ్యాలనిపించింది. అంతలో హ్యాండిలు మీది పసుపు ముడి కంటబడింది. కడకు ఇది కూడా బట్వాడాయేనా అని ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

రాయచోటి చేరి గుడిలో ముడుపు చేతికిస్తే పూజారి అడిగాడు. “ఎవరి పేరు మీదమ్మా? ఏం కోరిక?”

మహాదేవి ముడుపు వెనక్కి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. చిరునామా చూసుకోకుండా ఒక్క కవరైనా సంచీలో వేసుకోని మనిషి, పేరైనా అడగకుండా ఇంత దూరం మోసుకొచ్చింది! “పేరు తెలీకపోతే మీ పేరే చెప్పండి, స్వామికి తెలియదా?” అన్నాడు పూజారి. నేనైతే ఆ మాట పట్టుకుని, ముడుపు హుండీలో పడేసి బస్సెక్కేదాన్ని. మహాదేవి వల్ల కాలేదు. ఏ బిడ్డకు జబ్బో, ఎవరు ఎవరి కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్నారో. పోస్టులో చిరునామా లేనిది పంపినవాళ్ళకే తిరిగి పోవాలి. రాత్రికి సత్రంలో పడుకుని, తెల్లారి సైకిలు కనుమ వైపే తిప్పింది.

దారి పొడుగునా కృష్ణవేణమ్మను తిట్టింది, తనను తాను తిట్టుకుంది, మధ్యలో వీరభద్రుణ్ణి కూడా వదల్లేదు. దిగుడులో బ్రేకులు పట్టీ పట్టీ చేతులు నొప్పులు పుట్టాయి. కొట్టు ముందు సైకిలు ఆపీ ఆపకముందే అరిచింది.

“పేరు జెప్పకుండా ముడుపిస్తే ఎట్లమ్మా? ఎవరికి బాగలేదు మీ ఇంట్లో?”

కృష్ణవేణమ్మ ముఖం చిన్నబోయింది. “ఎవురికీ ఏం కాలేదు తల్లీ. అందరూ బాగానే ఉండారు” అంది. పెనం మీది దోసె తిరగేసి, మెల్లగా చెప్పింది. “కాపురానికొచ్చినప్పటి సంది ఈ కొండ కిందనే ఉండా. బస్సులు పోతానే ఉంటాయి. ఎక్కుదామంటే, ఏం పని మీద పోతాండావని అడుగుతారు. నాకేం పని ఉండాది ఆడ? చుట్టాలా, పక్కాలా? నేను పోకున్నా నా రూపాయన్నా కొండెక్కి పోతుందిలే అని నీకిచ్చినా. దానికి ఎవురి పేరు జెప్పేది, ఏం కోరిక జెప్పేది?”

మహాదేవి కోపం ఎటు పోయిందో పోయింది. ముడుపు విప్పి ఆవిడ చేతిలో పెట్టింది. కృష్ణవేణమ్మ దాన్ని కళ్ళకద్దుకుని కొంగున ముడేసుకుంది. స్టూలు జరిపి, తనూ ఎదురుగా కూర్చుంది.

“అవతల ఎట్టుండాది తల్లీ?” అని అడిగింది.

పత్తికొండలో గడప దాటినప్పటి నుంచీ ఎందుకని అడిగినవాళ్ళే గానీ, ఎట్లుందని అడిగినవాళ్ళు లేరు. మహాదేవి స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. కడపలో బస్సు పోతే పోయిందనుకుని, మొదటి మలుపు నుంచి చెప్పడం మొదలుపెట్టింది. దోసెల కోసం వచ్చినవాళ్ళను కృష్ణవేణమ్మ చెయ్యెత్తి ఆపేసింది.

“రొంతసేపు ఉండండప్పా, ఇంగా కొండెక్కుతాండాము.”