మెట్లు లేని బస్సెక్కిన నర్సమ్మ

మరాఠీ గడ్డ మీద తెలుగువాళ్లుండే కుంభారి కార్మికుల కాలనీలో నర్సమ్మ చుట్టిన బీడీకి వంక పెట్టినవాళ్లు లేరు. చిన్నప్పుడు పోలియో వచ్చి సన్నబడిన ఎడమ కాలిని ఈడ్చుకుంటూనే ఆమె సంసారం చేసింది, కొడుకును పెంచింది, రూపాలిని కోడలిగా తెచ్చుకుంది. ఎవరి ముందూ చేయి చాచి ఎరగదు. అలాంటి మనిషి మెడలు వంచింది ఒక్క సిటీ బస్సే.

పాత బస్సు మెట్టు ఆమెకు మోకాలెత్తు. ఒకసారి కుంఠా నాకా కార్ఖానాలో బీడీలు అప్పజెప్పడానికి బయల్దేరితే, కండక్టరు చంకల కింద చేతులు వేసి బియ్యం బస్తాను ఎత్తినట్టు ఎత్తి లోపల పెట్టాడు. పాపం, అతను మంచికే ఎత్తాడు. కానీ బస్సంతా నవ్వింది. సంచీ జారి బీడీ కట్టలు అందరి కాళ్ల కింద పడ్డాయి. ఆనాటి నుంచి నర్సమ్మ బస్సు ముఖం చూడలేదు. సంచీ రూపాలి చేతికి మారింది.

బీడీల పనిలో అది చిన్న సంగతి కాదు. ఎవరి సరుకు వాళ్లే తెచ్చి, కార్ఖానావాళ్లు మంచీ చెడూ ఏరుతున్నంతసేపూ ఎదురుగా నిలబడాలి. కోడలు సంచీ మోసుకొచ్చిందంటే అత్త పని అయిపోయినట్టే లెక్క. "మీ అత్త ఇంక చుడ్తున్నదా, అంత నువ్వేనా?" అని కార్ఖానాలో ఆడవాళ్లు రూపాలిని అడిగారట. ఆ మాట విన్న రోజు నర్సమ్మకు ముద్ద దిగలేదు.

అలాంటి రోజుల్లో కాలనీకి కొత్త బస్సు వచ్చింది. దానికి మెట్లు లేవు. స్టాపులో కట్టిన అరుగుకు ఆనుకుని, అరుగుతో సమంగా ఆగుతుంది. ఇంటికి కొత్త మరమగ్గం వచ్చినట్టే ఆడవాళ్లు పసుపు కుంకుమలు పట్టుకొచ్చారు. మొదటి మెట్టుకు బొట్టు పెడదామంటే మెట్టేది? చివరికి తలుపుకు పెట్టి తృప్తి పడ్డారు.

ఇక మగవాళ్ల నోళ్లకు మూత ఎక్కడిది! మరమగ్గాలు నడిపే సాయిలు అందరికన్నా గట్టిగా అన్నాడు:

"గింత కిందికుంటే గతుకులల్ల కడుపు రాస్కుంటది. వానొస్తే లోపట నీళ్లే. నాల్గు దినాలు నడిస్తే గొప్ప!"

అంటూనే ఎక్కబోయాడు. పాత అలవాటు కొద్దీ లేని మెట్టు కోసం కాలెత్తి, ముందుకు తూలి, ముందు సీట్లోని యల్లమ్మవ్వ ఒళ్లో పడ్డాడు.

"ఏందిరా సాయిలూ! బస్సు సంగతి తర్వాత, ముందు నువ్వు సక్కగ నడువు!" అని అవ్వ వీపు మీద ఒకటి వేసింది.

అతనొక్కడే కాదు, ఆ పొద్దున సగం మంది అలాగే తూలారు.

సంచీ ఈసారి తనే భుజాన వేసుకున్న నర్సమ్మ వంతు వచ్చింది. వెనక నుంచి రూపాలి, లోపలి నుంచి కండక్టరు చేతులు చాచారు. ఈ బస్సు కండక్టరు మరాఠీ కుర్రాడు, అయినా తెలుగు బాగానే తెలుసు; అవ్వలను మాత్రం తన భాషలో ఆజీ అనే పిలుస్తాడు.

"ఆజీ, చెయ్యి ఇయ్యి."

"చెయ్యి తీయి బిడ్డా. రూపాలీ, నువ్వు గూడ జరుగు."

"పడ్తవ్ అత్తమ్మా!"

"పడ్తే నేనే పడ్త."

కడ్డీ పట్టుకుని కుడి కాలు లోపల పెట్టింది. ఎడమ కాలిని ఎప్పటిలాగే ఈడ్చింది. అది అరుగు మీద నుంచి బస్సులోకి మెత్తగా జారి వచ్చింది. కాలెత్తే అలవాటున్న వాళ్లంతా తూలిన చోట, ఎన్నడూ కాలెత్తని నర్సమ్మ తన ఇంట్లో నడిచినట్టే నడిచి కిటికీ పక్కన కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. సంచీ ఒళ్లోనే ఉంది. ఆమె గుండె పొంగిపోయింది.

కార్ఖానాకు పోయే ఆడవాళ్లూ ఆ బస్సులోనే ఉన్నారు. కండక్టరు వచ్చి ఆమె కాలి వంక చూశాడు.

"ఆజీ, వికలాంగుల పాసు ఉన్నదా?"

"ఉన్నది. రేపటి సంది సూపిస్త," అంది నర్సమ్మ, బస్సంతా వినేటట్టు. "ఇయ్యాల మాత్రం పూర్తి టికెట్ కొట్టు బిడ్డా. నా అంతట నేనే ఎక్కిన."