అవాలి నుంచి తెచ్చిన కంప్యూటర్

బహ్రెయిన్‌లో నేను కొన్న మొదటి కంప్యూటర్ పేలినప్పుడు మంటలు సీలింగుకు తగిలాయి, మేముండే జిదాఫ్స్ ఊళ్లో సగానికి కరెంటు పోయింది. మనవలకు ఇలాగే చెబుతాను. మీకు నిజం చెప్పాలి కదా: టప్పుమని ఒక చప్పుడు, గుప్పెడు పొగ, మా గదిలో ఫ్యూజు పోయింది. గుండె జారిపోయిన సంగతి మాత్రం పెంచి చెప్పడం లేదు.

తొంభైల మొదట్లో నేను పనిచేసే కంపెనీ స్టోరుకు కంప్యూటర్ వస్తోందని, అది తెలిసినవాడే అక్కడ ఉంటాడని, తెలియనివాడు సైటు ఎండలోకి పోవాల్సిందేనని మేనేజరు అన్నాడు. నాకు బాగా వచ్చని చెప్పేశాను. అప్పటిదాకా నేను కంప్యూటర్‌ను ముట్టుకున్నది దుమ్ము తుడవడానికే. అది వచ్చేలోగా నేర్చుకోవాలి. కొత్తది కొనే తాహతు లేదు.

చమురు కంపెనీవాళ్ల కాలనీ అవాలిలో సామానంతా అమ్ముకుని స్వదేశం వెళ్లిపోతున్న ఒక దొర దగ్గర పాత త్రీ ఎయిటీ సిక్స్ కంప్యూటర్ దొరికింది. ఆయన ఇంట్లో నా కళ్లెదుటే చక్కగా నడిచింది. ఇంకొంత మెమొరీ విడిగా కొని నేనే గుచ్చాను. ప్లగ్గు చదును కాళ్లది, మా గోడకు పట్టదు. నేను ఎలక్ట్రీషియన్ వీసా మీద వచ్చినవాణ్ణాయె! దాన్ని కోసి పారేసి మూడు కాళ్లది దర్జాగా బిగించి, స్విచ్ వేశాను.

తను నడిపే వ్యానులో దాన్ని అవాలి నుంచి తెచ్చిపెట్టిన నా రూమ్మేటు మంచం మీంచి ఎగిరి దూకాడు. "ఏందే అన్నా, బాంబు గిట్ల తెచ్చినవా?"

"నడిచేదే తెచ్చిన్రా! నువ్వు గూడ చూస్తివి గద!"

"చూసిన. గాడ నడిచింది, గీడ సచ్చింది."

అదే వ్యానులో అద్లియాలో రిపేరు కొట్టు నడిపే హైదరాబాదీ భాయ్ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన విప్పకుండానే దాన్ని వెనక్కి తిప్పి, అక్కడున్న చిన్న ఎర్ర స్విచ్ చూశాడు.

"యాడ కొన్నవ్ భాయ్?"

"అవాలిల."

"గదీ సంగతి. గా కాలనీల కరెంటు నూటపది ఓల్టులు. బయటంతా రెండొందల ముప్పై. గీ స్విచ్ మార్చకుండ పెట్టినవ్. పవర్ పెట్టె ఖలాస్."

ఇంత చిన్న దీవిలో రెండు రకాల కరెంటా!

"నువ్వేం పని జేస్తవ్?" అన్నాడు భాయ్.

నేను నోరు తెరిచేలోగా రూమ్మేటు అందుకున్నాడు: "ఎలక్ట్రీషియన్!"

భాయ్ నవ్వినా బాగుండేది. ఎర్ర స్విచ్ వంక ఒకసారి, నా వంక ఒకసారి చూశాడు. వీసాలో అలా ఉంది గానీ, ఊళ్లో నేను మైకుసెట్టు వాడి దగ్గర వైర్లు చుట్టిపెట్టేవాణ్ణి.

అదృష్టం, మిగతాదంతా బతికే ఉంది. భాయ్ పాత పవర్ పెట్టె ఒకటి వేసిచ్చాడు. గదిలో మళ్లీ స్విచ్ వేస్తుంటే రూమ్మేటు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి పరిగెత్తాడు. ఈసారి వెలిగింది. రోజూ డ్యూటీ నుంచి రాగానే దాని ముందు కూర్చుని, వేళ్లకు అక్షరాలు నేర్పాను.

స్టోరుకు కొత్త కంప్యూటర్ రానే వచ్చింది. "చాలూ కరో," నడిపించి చూపమన్నాడు మేనేజరు. ముందు దాని వెనక్కి పోయి, వంగి, ఎర్ర స్విచ్ చూశాను. నూటపది మీద ఉంది! క్షణంలో మార్చి కంపెనీ మిషన్ కాపాడాను.

లేదు లెండి. రెండొందల ముప్పై మీదే ఉంది. నేను ఊరికే చూసి లేచాను. కానీ మేనేజరు పక్కనున్న గుమాస్తాతో, "చూశావా, పని తెలిసినవాడు ముందు వెనక చూస్తాడు," అన్నాడు. ఆ మాట మాత్రం నిజంగా అన్నాడు. నేను స్టోరులోనే ఉండిపోయాను.