పక్క గదిలో పడుకున్న మనిషి

మా ఇంట్లో కుక్కర్ కూత వెయ్యదు. కూత వచ్చే ముందు మూత మీద బిళ్ళ కొంచెం కదులుతుంది, ఆవిరి గుసగుసగా మొదలవుతుంది, అప్పుడే మంట తగ్గించేస్తాను. పెళ్ళయి ఈ ఊరు వచ్చిన దగ్గర్నుంచి అదే అలవాటు. మా ఆయన పోర్టులో క్రేన్ నడుపుతారు. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్న ఇంటికొచ్చి, ఇంత తిని, మధ్య గదిలో కర్టెన్ లాక్కుని పడుకుంటారు. మద్దిలపాలెం బస్ డిపో వెనక సందులో, మేడ మీద రెండు గదులూ ఒక వంటిల్లూ మావి. మధ్య గదిలో మనిషి నిద్రపోతుంటే ఇల్లంతా మునివేళ్ళ మీద నడవాలి. కాలింగ్ బెల్లు వైరు ఎప్పుడో పీకేశాం. కూరగాయలమ్మి కూడా మా మేడ కిందికి వచ్చేసరికి కేక ఆపి, తల పైకెత్తి, చేత్తో వంకాయ చూపిస్తుంది. కావాలంటే తల ఊపుతాను. వద్దంటే చెయ్యి ఊపుతాను.

అలాంటి ఇంట్లో నలుగురు పిల్లలు చేరి వయొలిన్లు వాయించారంటే మా చుట్టాలు ఇప్పటికీ నమ్మరు.

మా అమ్మాయికి వయొలిన్ మొదట నేర్పింది మా చర్చి మాస్టారు. క్రిస్మస్ పాటలతో మొదలైంది, వదల్లేదు. ఇంటర్ అయ్యాక ఊళ్ళోనే సంగీతం కాలేజీలో చేరింది. నేను ఐదో క్లాసుతో ఆపేసినదాన్ని. ఆ సంగీతం గురించి నాకు తెలిసిందంతా వంటింట్లో ఉండి విన్నదే. ఆఖరి ఏడాది వాళ్ళకొక పరీక్ష ఉంటుంది. నలుగురు కలిసి వాయించాలి. రెండు వయొలిన్లు, కొంచెం పెద్దగా బొంగురు గొంతుతో ఉండే వయోలా ఒకటి, కాళ్ళ మధ్య నిలబెట్టుకునే చెల్లో ఒకటి. ముందు నిలబడి చెయ్యి ఊపే మాస్టారు ఉండడు. ఎవరి మార్కులు వాళ్ళకి ఉండవు. నలుగురికీ కలిపి ఒకటే మార్కు. పాసైతే నలుగురూ పాసు, పోతే నలుగురూ పోయినట్టే.

మా పిల్ల మొదటి వయొలిన్. రెండో వయొలిన్ ఒక కుర్రాడు, అద్దాలు పెట్టుకుని ఎప్పుడూ కంగారుగా ఉండేవాడు. వయోలా అమ్మాయిది సింహాచలం, వాళ్ళ నాన్నకి కొండ కింద పూల కొట్టు. చెల్లో కుర్రాడు సముద్రం పక్క పేటవాడు, నోరు ఊరుకోదు. కాలేజీలో గదులు సాయంత్రం కాకుండానే తాళం వేసేస్తారు. మా ఇల్లు అందరికీ బస్సు దిగితే నడిచే దూరం. అందుకని మధ్యాహ్నం పూట మా ముందు గదిలో కూర్చునేవారు. గోడకి అటుపక్క మా ఆయన నిద్ర.

నేను ఏమీ అనలేదు. మొదటి రోజే వాళ్ళంతట వాళ్ళే నల్లటి రబ్బరు ముక్కలు తెచ్చుకున్నారు. తీగల్ని మోసే చిన్న చెక్క ఉంటుందే, దాని మీద ఆ ముక్క తగిలిస్తే మోత తగ్గిపోతుంది. వయొలిన్ గొంతుకి మఫ్లర్ చుట్టినట్టుంటుంది. మ్యూట్ అంటారట. చెల్లోకి అందులోనే పెద్దది.

"ఒరే బావ, మెల్లిగా గియ్యరా, అంకుల్ లెగిసిపోతాడు" అని చెల్లో కుర్రాడు రెండో వయొలిన్ కుర్రాణ్ణి అనేవాడు.

"గీసేది నువ్వురా. నీది బోషాణం. నాది అగ్గిపెట్టె."

మొదలెట్టడానికి ఒకటీ రెండూ అని లెక్క పెట్టరు. మా పిల్ల కమాను ఎత్తి, ముక్కుతో చటుక్కున ఊపిరి పీలుస్తుంది. ఆ ఊపిరితో నలుగురి చేతులూ ఒకేసారి కదులుతాయి. కొన్నాళ్ళకి నాకూ అలవాటైపోయింది. లోపల ఆ ఊపిరి వినిపిస్తే నా చేతిలో గరిటె కూడా లేచేది.

రెండు నెలలు అలాగే గడిచాయి. పప్పు మాడకుండా చూసుకుంటూ, టీ గ్లాసులు చప్పుడు కాకుండా పెడుతూ, ఆయన లేచే వేళకి అన్నం వేడిగా ఉంచుతూ. నాకు నిద్ర ఎప్పుడూ ముక్కలు ముక్కలే. రాత్రి ఆయన డ్యూటీలో ఉంటే పట్టదు, పగలు ఆయన పడుకుంటే కుదరదు. స్టూలు మీద కూర్చుని గోడకి తల ఆనించి వాళ్ళ వాయింపు వినేదాన్ని. దుప్పటి కింద నుంచి ఎవరో మాట్లాడుతున్నట్టుండేది. బాగుండేది.

పరీక్ష అయింది. పోయింది.

ఆ మధ్యాహ్నం నలుగురూ ముందు గదిలో వయొలిన్లు పెట్టెల్లోంచి కూడా తియ్యకుండా కూర్చున్నారు. టీ మీద మీగడ కట్టేసింది. ఏమైందే అంటే మా పిల్ల ముందు గ్లాసులో మీగడ వేలితో పక్కకి తీసింది. తర్వాత చెప్పింది. వేరే ఊరి నుంచి పరీక్ష చెయ్యడానికి ఒక పెద్దావిడ వచ్చిందట. మొత్తం విని ఒకే మాట అందట.

"'పక్క గదిలో ఎవరైనా పడుకున్నారా ఏంటమ్మా, అలా వాయిస్తున్నారు?' అందమ్మా."

చెల్లో కుర్రాడికి నవ్వాగలేదు. "ఆవిడికెలా తెల్సీసిందిరా బావ? మన సందులోకి గానీ వొచ్చిందేటి?"

"నోరు ముయ్యరా. ఇప్పుడు నవ్వొస్తోందా నీకు?" అని అద్దాల కుర్రాడు కసిరాడు. వాడి కళ్ళల్లో నీళ్ళున్నాయి.

సంగతేమిటంటే, పరీక్షలో మ్యూట్లు తీసేసే వాయించారు. చేతులు మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయాయి. పెద్దగా వాయించాల్సిన చోట కూడా, గోడకి అటుపక్క మనిషున్నట్టే, కమాను తీగ మీద ఆనీ ఆనకుండా నడిచింది. వెనక వరుసకి ఏమీ వినబడలేదట. నెల తిరక్కుండా ఇంకొక్కసారి అవకాశం ఇస్తారు. అదీ పోతే మళ్ళీ ఏడాదంతా చదవాలి. ద్వారకా నగర్‌లో ఒక బడివాళ్ళు మా పిల్లని జూన్‌లో సంగీతం టీచరుగా తీసుకుంటామన్నారు. పాసైన కాగితం తెస్తేనే. ఏడాది ఆగడానికి వాళ్ళకేం పని, ఇంకొకర్ని చూసుకుంటారు.

కర్టెన్ కదిలింది. ఆయన లుంగీతో నిలబడ్డారు, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఎంతసేపట్నుంచి వింటున్నారో.

"రెండు నెల్లనుంచీ నా మూలంగా ఇలా వాయిస్తన్నారేటి?"

"మీ మూలంగా కాదంకుల్" అంది వయోలా అమ్మాయి.

"మరెవుడి మూలంగా? డిపోలో బస్సుల మూలంగానా? తీసీండి ఆ రబ్బరు ముక్కలు. రేవులో నా నెత్తి మీద సైరన్ మోగుతాది. కింద ఇనుము పడతాది. ఈ తీగలకి లెగిసిపోతానేటి నాను?"

"చెంచా పడితే లేస్తారుగా" అన్నాను నేను.

"సెంచా పడితే లెగుస్తాను. అది ఏరు." అనేసి వెళ్ళి మళ్ళీ పడుకున్నారు.

తియ్యడం తేలికే. వాయించడమే కష్టమైంది. మొదటి వారం మ్యూట్లు లేకపోయినా అదే గుసగుస. "అక్కా, నువ్వసలు ఊపిరి పీల్చడమే దొంగలా పీలుస్తున్నావ్. ఇంక మేమెలా పెద్దగా మొదలెడతాం?" అని వయోలా అమ్మాయి మా పిల్లని అడిగింది. నిజమే. మా పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో గట్టిగా ఏడ్చింది కూడా తక్కువ. ఉయ్యాల్లో ఏడిస్తే ఎత్తుకుని మెట్ల మీదకి పరిగెత్తేదాన్ని. అలాంటి చేతికి ఇప్పుడు గట్టిగా వాయించమంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?

అయినా కూర్చున్నారు, ఎండలో వచ్చి రోజూ కూర్చున్నారు. ఆ రోజుల్లో అందరం అలసిపోయి ఉన్నాం. పిల్లల మెడల మీద చెమట కాయలు. నాకు మోకాళ్ళ నొప్పులు. ఆయనకి వరసగా నైట్ షిఫ్టులు. కొంచెం కొంచెంగా మోత పెరిగింది. గోడ మీద క్యాలెండరు మేకు అదిరేంత కాకపోయినా, నా స్టూలుకి తెలిసేంత.

ఒకటి మాత్రం నేను గమనించాను. వాయిస్తున్నంతసేపూ ఆయన కదిలేవారు కాదు. ఎక్కడైనా తప్పు పోయి నలుగురూ ఆగారంటే చాలు, కర్టెన్ వెనక నుంచి మంచం కిర్రుమనేది.

"ఏటి, ఆపీసినారు?"

నిద్రలోనే అనేవారు. మళ్ళీ మొదలెడితే మళ్ళీ గురక. పిల్లలకి అదొక ఆటైపోయింది. అద్దాల కుర్రాడు పొరపాటున ఒక వరస దాటేసి ఆగితే, ఆయన కంటే ముందు చెల్లో కుర్రాడే ఆ గొంతు పెట్టేవాడు: "ఏటి, ఆపీసినారు?"

రెండోసారి పరీక్షకి నన్ను రమ్మంది మా పిల్ల. ఆయనా వస్తానన్నారు. నైట్ అయ్యాక ఇంటికొచ్చి స్నానం చేసి బయల్దేరాలని అనుకున్నాం. ఆ పొద్దున్న ఫోన్ చేశారు. తర్వాత షిఫ్ట్ మనిషి రాలేదు, డబుల్ డ్యూటీ వేశారు, మధ్యాహ్నానికి తిన్నగా కాలేజీకే వస్తానన్నారు. "ఇంటికెళ్ళి పడుకోండి" అన్నాను. "పడుకుంటాలే. పిల్ల పరీచ్చ రోజూ వస్తాదేటి?" అన్నారు.

వచ్చారు. చొక్కా మార్చుకున్నారు గానీ కనుబొమల్లో బొగ్గు ధూళి అలాగే ఉంది. కాలేజీ మేడ మీద హాలు. ఆయన ముందు వరసలో కూర్చున్నారు. చెవులు దగ్గరగా ఉంటే మంచిదట. స్వరాలు రాసి ఉన్న కాగితాలు ఎగిరిపోతాయని ఫ్యాన్లు ఆపేశారు. అయినా సముద్రం గాలికి కాగితాలు నిలవవని, మా దండెం మీది బట్టల క్లిప్పులు పట్టుకెళ్ళి పెట్టుకున్నారు పిల్లలు. పరీక్షకి వచ్చింది అదే పెద్దావిడ, పక్కన ఇద్దరు కాలేజీవాళ్ళు.

మా పిల్ల కమాను ఎత్తింది. ఆ కాస్తలోనే ఆయన గడ్డం గుండె మీద వాలిపోయింది.

మా పిల్ల చూసింది. నేను చూస్తూనే ఉన్నాను, దాని కళ్ళు కాగితం మీద నుంచి నాన్న మీదకి వచ్చాయి. ఊపిరి పీల్చింది, నాకు సరిగ్గా వినబడలేదు. అదే దొంగ ఊపిరి. నలుగురూ మొదలెట్టారు. మా ముందు గది, దుప్పటి, గుసగుస. దాని వెంటే మిగతా ముగ్గురూ, ఇంకేం చేస్తారు. పెద్దావిడ కలం బల్ల మీద పెట్టేసింది.

నా చెయ్యి ఆయన భుజం మీదకి వెళ్ళింది. ఒక్కసారి కుదిపితే చాలు. లేస్తారు, కళ్ళు తెరుస్తారు, పిల్ల చెయ్యి విడుదలవుతుంది. కాని ఆ మొహం చూస్తే చేతకాలేదు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, రెండు షిఫ్టుల అలసటా పెదవి మీదే ఉంది. ఇన్నేళ్ళుగా ఆ నిద్రకి కాపలా కాసిన చెయ్యి నాది. లేపడం దానికి రాదు. భుజం మీద అలాగే ఉండిపోయింది.

అప్పుడు చెల్లో కుర్రాడు తల ఎత్తాడు. వాయిస్తూనే మా పిల్ల వైపు చూసి, గడ్డంతో మా ఆయన్ని చూపించి, కళ్ళెగరేశాడు. లెగడు లేవే, అన్నట్టు. అనేసి లావుపాటి అడుగు తీగ మీద కమాను బరువంతా వేశాడు. నా కాళ్ళ కింద గచ్చు జుమ్మంది. మా ఆయన కదల్లేదు. చిన్న గురక ఒకటి వదిలారు, అంతే. మా పిల్ల పెదవి మీద నవ్వు రాబోయి ఆగింది. తర్వాతి వరసకి పీల్చిన ఊపిరి వెనక తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళకి కూడా వినబడి ఉంటుంది.

ఆ తర్వాత ఎలా వాయించారంటే, దుప్పటి తీసేశారు అంతే. నెల రోజులుగా గదిలో పట్టక నలిగినదంతా ఆ హాల్లో కాళ్ళు చాపుకుంది. పెద్దావిడ కలం మళ్ళీ తీసుకోలేదు, చేతులు కట్టుకుని కూర్చుంది. నేను ఆయన భుజం మీద చెయ్యి తియ్యలేదు. ఆయన బరువంతా నా మీదకి ఒరిగింది. నాకూ నిద్ర వస్తున్నట్టే ఉంది, ఎన్నాళ్ళదో.

ఆఖరి మోత అయ్యాక వాళ్ళు కమాన్లు వెంటనే దించరు. గాల్లోనే ఉంచుతారు, మోత పూర్తిగా పోయేదాకా. ఎవరూ చప్పట్లు కొట్టకూడదు. హాలంతా ఊపిరి బిగపట్టింది. ఆ నిశ్శబ్దంలో మా ఆయన ఉలిక్కిపడి తల ఎత్తారు.

"ఏటి, ఆపీసినారు?"

చెల్లో కుర్రాడు ముందు నవ్వాడు. తర్వాత వయోలా అమ్మాయి కమానుతోనే మొహం దాచుకుంది. పెద్దావిడ అటు చూసి, ఇటు చూసి, "అయిపోయిందండీ" అంది మెల్లగా. తర్వాత మా పిల్లని అడిగింది, "పక్క గదిలో ఉండేది వీరేనా?" మా పిల్ల తల ఊపింది. ఆవిడ అప్పుడు కలం తీసుకుంది.

పాసయ్యారని ఆ సాయంత్రమే చెప్పారు. మెట్లు దిగుతుంటే ఆయన, "బాగా వాయించీరా? నాను ఇన్లేకపోనాను" అన్నారు, తప్పు చేసినవాడిలా.

"గురక మాత్రం శ్రుతిలోనే పెట్టావు నాన్నా" అంది మా పిల్ల.

జూన్‌లో అది బడిలో చేరింది. పొద్దున్న వెళ్ళి సాయంత్రం వస్తుంది, వచ్చేసరికి గొంతు పోయి ఉంటుంది, వయొలిన్ పెట్టె మూలన పెట్టేస్తుంది. చెల్లో కుర్రాడు స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్తున్నాడు, ఆదివారాలు చర్చిలో వాయిస్తాడట. మిగతా ఇద్దరూ ఎప్పుడైనా ఫోన్ చేస్తారు. మధ్యాహ్నాలు ఇల్లు మళ్ళీ ఎప్పటిలాగే అయింది. కూరగాయలమ్మి చేత్తో వంకాయ చూపిస్తుంది. నేను స్టూలు మీద కూర్చుని గోడకి తల ఆనించుకుంటాను.

ఇదివరకు ఇంత నిశ్శబ్దంలో ఆయన హాయిగా పడుకునేవారు. ఇప్పుడు మధ్యమధ్య మంచం కిర్రుమంటుంది.

"ఏటి, ఆపీసినారు?"

"వాళ్ళిప్పుడు రావడం లేదండీ. పడుకోండి" అంటాను. కాసేపటికి మళ్ళీ అటు తిరుగుతారు.

ఒక్కోరోజు మాత్రం ఆయన అలా అన్నాక వంటింట్లోకి వెళ్ళి, పెద్దగా ఏమీ కాదు, గిన్నెలు నాలుగు కాస్త చప్పుడయ్యేలా కడుగుతాను.