గోదారికి వేసిన కాయ

మొన్న రాజమండ్రి దాటి రైలు వంతెన ఎక్కుతుంటే, ఎదురు సీటావిడ సంచిలోంచి పసుపు రాసిన కొబ్బరికాయ తీసి తలుపు వైపు నడవబోయారు. "వద్దండీ, కింద మనుషులుంటారు" అన్నాను. "గోదాట్లో మనుషులేంటండీ?" అని ఆవిడ నవ్వారు.

అచ్చం మా మేనత్త నవ్వు. తొంభైల చివర్లో అత్తా, వాళ్లబ్బాయి మా బావా, నేనూ తునిలో పగటి బండెక్కి విజయవాడ వెళ్తున్నాం. బావకి కామెర్లు తగ్గితే గోదారమ్మకి కొబ్బరికాయ ఇస్తానని అత్త మొక్కుకుంది. కిటికీ ఊచల్లోంచి కాయ పట్టదు కాబట్టి తలుపు దగ్గర నిలబడి విసరాలి. ఆ పని నాకొచ్చింది. శాఖా గ్రంథాలయంలో అరలకి అరలు చదివేసి, చదివిందంతా ఎదుటివాళ్లకి ఒప్పజెప్పే రోజులవి. బండి వచ్చినప్పుడు పట్టాల పనివాళ్లు తప్పుకొని నిలబడడానికి వంతెన పక్కన చిన్న ఇనప అరుగులుంటాయని పెట్టెలో అందరికీ వివరిస్తున్నాను. "ఓరి పుస్తకాల పురుగా, గోదారి అయిపోతోంది, ముందు కాయ వెయ్యరా!" అంది అత్త. బావ తలుపు కమ్మీ పట్టుకుని సగం బయటికి వేలాడుతూ, "గట్టిగా విసరరా, అన్నం తినలేదేంటి?" అని ఈల వేశాడు.

విసిరాను. కాయ చేతిలోంచి వెళ్లాక కనిపించాడు, ముందున్న అరుగు మీద ఖాకీ చొక్కా మనిషి, చేతిలో సుత్తితో. ఠప్పుమని ఒక చప్పుడు. ఇనుముకి తగిలిందో, మనిషికో తెలియలేదు. తిరిగి చూసేలోగా దూలాలు అడ్డొచ్చేశాయి. నా చెయ్యి గొలుసు దాకా వెళ్లింది. "వంతెన మీద బండి ఆపుతావేంట్రా? స్తంభానికి తగిలిందిలే" అన్నాడు బావ. చెయ్యి దించేశాను. అత్త కళ్లు మూసుకుని దణ్ణం పెడుతోంది.

ఆ తరవాత నెల్లాళ్లు గ్రంథాలయంలో అన్ని పేపర్ల జిల్లా పేజీలూ వెతికాను. ఏమీ లేదు. మొదట గుండె కుదుటపడింది. తరవాత, ఓ పనివాడి భుజం విరిగితే పేపర్లో ఎవరు వేస్తారని తోచింది. పరిగెత్తే బండిలోంచి విసిరిన వస్తువుకి బండి వేగం కూడా ఉంటుందని, నేను సగంలో వదిలేసిన సైన్సు పుస్తకంలో తరవాతి అధ్యాయంలోనే ఉంది.

"నేనోసారి వేశానండీ. ఒకాయనకి తగిలిందో లేదో ఇప్పటికీ తెలీదు" అన్నాను ఎదురావిడతో. ఆవిడ కాయని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నేను కిటికీలోంచి ఒక్కో అరుగూ చూస్తూ వంతెన దాటాను. అన్నీ ఖాళీ. ఎన్నేళ్లు గడిచాయో, ఆ కాయ మాత్రం ఇంకా నీళ్లలో పడలేదు.