గిటారు అంచున ఏ రంగు?

ఆ గిటారును దాని అసలు రంగులో నేను దగ్గర నుంచి చూసింది ఒక్కసారే. పందొమ్మిది వందల అరవైల్లో, తమిళనాడులోని రాజపాళయంలో ఒక నూలు మిల్లు ఎలక్ట్రికల్ సెక్షన్‌లో చేరిన కొత్తల్లో. అమ్మవారి తిరునాళ్ళకు మదురై నుంచి పాటకచేరీ వాళ్ళు వచ్చారు. మైకు వైరు తెగితే అతికించడానికి నన్ను వేదిక మీదికి పిలిచారు. అక్కడ కుర్చీకి ఆనించి ఉంది, కరెంటు గిటారు. ఎవరో తెల్లదొర ఊరు వదిలి పోతూ అమ్మేసిన పాత వాయిద్యమట. నడుమ పసుపు, అంచుకు పోయేకొద్దీ ఎరుపు, చివర నలుపు. పసుపు ఎక్కడ ఆగిందో, ఎరుపు ఎక్కడ మొదలైందో కంటికి దొరకలేదు. వైరు అతికించి దిగిపోయాను.

తరువాత నేనే ఒకటి తయారు చేసుకున్నాను. ఒళ్ళు పనస చెక్క. తీగల కింద పెట్టిన అయస్కాంతం, పాడైన స్పీకరులోంచి తీసింది. దాని చుట్టూ సన్న రాగితీగ చేత్తోనే చుట్టాను. ఇంట్లో రేడియో వెనక, గ్రామఫోను తగిలించే చోట వైరు పెడితే మోగింది. అంతవరకు నాకు ఏ అనుమానమూ రాలేదు. రంగు దగ్గరికి వచ్చేసరికి మతి పోయింది.

కచేరీ నాడు తీసిన ఫోటో ఒకటి స్టూడియోలో సంపాదించాను. నలుపు తెలుపు ఫోటో. గిటారు అంచు నల్లగానే ఉంది, కానీ వాయించేవాడి చొక్కా అంచూ అట్లాగే నల్లగా ఉంది. ఫోటో తీసినాయన, అది రంగు కాదు, తన లైటు అంచుల దాకా అందలేదు అన్నాడు. నాతో కచేరీకి వచ్చిన మా అక్క, అంతా ఒకటే ఎరుపు, తనకు బాగా జ్ఞాపకం అంది. ఇద్దరూ అబద్ధం చెప్పే మనుషులు కారు.

మా వీధి చివర తలుపులకూ బీరువాలకూ పాలిష్ పట్టే మేస్త్రీ ఉండేవాడు. గిటారు తీగలు విప్పేసి, ఒట్టి చెక్క తీసుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఏ కలరు కావాలబ్బా?"

"నడుమ పసుపు మేస్త్రీ, అంచుకు నలుపు. రెంటికీ మధ్య ఎరుపు."

ఆయన చెక్కను తిప్పి తిప్పి చూశాడు. "ఒకే పలకకు తావుకొక కలరు రాకూడదనే ఇన్నేండ్లుగా రుద్దతా ఉండాను. రావాలని అడిగినవాడు నువ్వొకడే."

ఇంటికి వచ్చి నాకు తోచింది నేను చేశాను. పసుపులో సున్నం పడితే ఎర్రబడటం శుభకార్యాల హారతి నీళ్ళలో చూసేదే. చెక్కంతా పసుపు పట్టించి, ఆరాక, అంచుల వెంట సున్నపు తేటను గుడ్డతో అద్దాను. ఎరుపు మెల్లగా లేచి పసుపులోకి కరిగింది. అమ్మను పిలిచి చూపించాను. "బాగుండాదిరా," అంది.

మరునాడు మేస్త్రీ దాని మీద లక్క పాలిష్ ఒక పూత వేశాడు. ఆయన గుడ్డ నడిచిన చోటల్లా ఎరుపు పోయి పసుపు వచ్చింది. గుడ్డను తిప్పి చూశాడు. దానికీ ఎరుపు అంటలేదు.

"నేనేమీ చేయలేదబ్బా," అన్నాడు. "ఎక్కడికి పోయినట్టు?"

ఇద్దరం కిందకు వంగి నేల కూడా చూశాం. పాలిష్‌లోని పులుపు సున్నాన్ని విరిచేస్తుందని చాలా ఏళ్ళ తరువాత ఎవరో చెప్పారు. ఆ రోజు మాత్రం, చెక్క మీద ఎరుపును నిజంగా చూశానా అని నాకే అనుమానం వచ్చింది.

ఇక లాభం లేదని ఒక ఆదివారం మదురై బస్సెక్కి, గిటారు వాయించే ఆయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. వాళ్ళింట్లోనూ తెలుగే. విషయం చెప్పగానే పెట్టె తెరిచాడు. లోపల గిటారు మొత్తం నల్లగా ఉంది.

"మాసినట్టు ఉండాదని పెయింటు కొట్టించినాను తమ్ముడూ."

"ముందు ఏ కలరన్నా?"

"బ్రౌన్ అనుకుంటా. వాయించేవానికి దాని ముందుపక్క కనపడదు కదా."

ఒక మూల గోరుతో గీకి చూపించాడు. కింద ఉన్నది ఎరుపూ కాదు, పసుపూ కాదు, బురద రంగు. కాఫీ తాగి వచ్చేశాను. దారి పొడవునా కళ్ళు మూసుకుని వేదికను గుర్తు చేసుకోబోతే, గిటారు ఒకసారి ఎర్రగా, ఒకసారి నల్లగా కనిపించింది.

"ఏమి చెప్పినాడు?" అన్నాడు మేస్త్రీ.

"ఆయనకే తెలీదు మేస్త్రీ."

"సరి విడు. అయితే నిన్ను తప్పనేవాడు ఎవడూ లేడు. ఇంద, గుడ్డ పట్టుకో."

పక్కనున్న సత్రపట్టి ఊళ్ళో నేసే ఆసుపత్రి కట్టుగుడ్డను ఉండగా చుట్టి, ఎర్ర పొడి కలిపిన స్పిరిట్‌లో ముంచి, అంచు నుంచి లోపలికి సున్నలు చుట్టినట్టు గుండ్రంగా అద్దడం నేర్పాడు. చివరి అంచుకు దీపపు మసి. మూడు సాయంత్రాలు పట్టింది. మొదటి రోజు గీతలు పడ్డాయి. మూడో రోజు ఎరుపు ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు. మేస్త్రీ దూరంగా నిలబడి, "ఇదేనా నువ్వు చూసింది?" అని అడిగాడు. నేనూ ఆయన పక్కకు వెళ్ళి నిలబడి మళ్ళీ చూశాను.

మిల్లు వేడుకకు ఆ మదురై ఆయనే వాయించడానికి వచ్చాడు. నేను వెంట తీసుకెళ్ళిన నా గిటారును చేతిలోకి తీసుకుని, "అచ్చం నా దాని మాదిరే ఉండాదే," అన్నాడు.

"బ్రౌన్ అంటిరి కదన్నా."

"అట్లా అన్నానా?" అని నవ్వుతూ నా వైపు చూశాడు. సంతోషపడాలో వద్దో అర్థం కాక నేనూ నవ్వాను.

ఆ వేడుకలో దాన్ని చూసిన సేత్తూరు రైతు ఒకాయన, తన కొత్త బీరువా తలుపులకు అదే పనితనం కావాలని మేస్త్రీకి కబురు పెట్టాడు. మేస్త్రీ నేరుగా మా ఇంటికి వచ్చి, అంచులు నువ్వే అద్దాలి అన్నాడు. మిల్లుకు రెండు రోజులు లీవు పెట్టి ఆయనతో బస్సెక్కాను. బీరువా నడుమ పసుపు ఎంత ఉండాలని దారిలో అడిగాడు. తెలియదన్నాను. తనకూ తెలియదన్నాడు.